సీటు ఎక్కడ ఖాళీ ఉంటే అదే మన గ్రూపా?

మొన్న ఆదివారం రాత్రి మా అక్క ఫోన్ చేసింది. మా మేనల్లుడు ఒక గిరిజన హాస్టల్ స్కూల్లో పదో తరగతి చదువుతున్నాడు. సి.బి.ఎస్.ఇ. సిలబస్. "తమ్ముడూ, పది పరీక్షలకు పేర్లు పంపుతున్నారంట. లెక్కల్లో బేసిక్ అని ఒకటి, స్టాండర్డ్ అని ఒకటి ఉంటదంట కదా. సారు క్లాసందరికీ బేసిక్కే రాసేస్తున్నాడంట. అదైతే తేలిక, ఎవరూ ఫెయిల్ కారు అన్నాడంట. మంచిదే కదరా?" అంది.

మంచిదే అని చెప్పి ఫోన్ పెట్టేస్తే అయిపోయేది. కానీ నాకు నోరు రాలేదు.

విషయం తెలియని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందు ఇది చెప్పాలి. సి.బి.ఎస్.ఇ.లో 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కల పేపర్ రెండు రకాలుగా ఉంటోంది. చదివే పుస్తకం ఒకటే, క్లాసులో చెప్పే పాఠం ఒకటే. పరీక్ష పేపర్ మాత్రం ఒకటి తేలిక, ఒకటి కష్టం. పై తరగతుల్లో లెక్కలు చదవను అనుకునే పిల్లల కోసం బేసిక్ పెట్టారు. బేసిక్ రాసినవాళ్లకు పదకొండో తరగతిలో మామూలు లెక్కల సబ్జెక్టు ఇవ్వకూడదు అన్నది మొదట పెట్టిన నియమం. మధ్యలో కొన్నేళ్లు బోర్డు సడలింపులు ఇచ్చింది. ప్రతి ఏడూ ఇస్తుందని నమ్మి పిల్లాడి చదువును దాని మీద పెట్టలేం కదా.

అంటే ఆ కాగితం మీద ఒక్క టిక్కు పెడితే ఇంజనీరింగ్ దారికే అడ్డం కట్టినట్టు అవ్వొచ్చు. అది కూడా పదిహేనేళ్ల పిల్లాడికి. వాడిని అడగకుండా, వాళ్లమ్మకు చెప్పకుండా, నలభై మందికీ ఒకే పెన్నుతో. ఎందుకు? స్కూలు గేటు ముందు నూరు శాతం ఉత్తీర్ణత అని ఫ్లెక్సీ కట్టుకోవడానికి.

ఆ సారు చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయన మీద పై నుంచి ఒత్తిడి ఉంటది. ఫలితాలు తగ్గితే మెమో ఇస్తారు. కానీ ఆయన మెమో భయానికి మన పిల్లల లెక్కలు ఎందుకు బలి కావాలి?

నా సంగతి చెప్తాను. పది పాసైనప్పుడు నాకు లెక్కల్లోనే ఎక్కువ మార్కులు. ఆశ్రమ పాఠశాలలో మాకు చెప్పిన లెక్కల సారు కొత్తగా వచ్చినాయన, రాత్రి స్టడీ అవర్లో కూడా కూర్చునేవాడు. ఇంటర్లో ఎం.పి.సి. చదవాలని నా కోరిక. నేనూ మా నాయనా పొద్దున బయలుదేరి, బస్సు దొరికి, కాలేజీకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. అక్కడ అడ్మిషన్లు రాసే ఆయన నా మెమో చూడలేదు, నా మొహం చూశాడు. "ఎం.పి.సి.లో మీ పిల్లలు నిలబడరు. హెచ్.ఇ.సి.లో సీట్లు ఖాళీ ఉన్నయ్. హాయిగా పాసవుతాడు" అన్నాడు. మా నాయన చేతులు కట్టుకుని నిలబడి, సరే సార్ అన్నాడు. ఫారం మీద గ్రూపు రాసింది ఆయన. సంతకం మా నాయనది. చదివింది నేను.

హెచ్.ఇ.సి. చదివినందుకు నాకు బాధ లేదు. చరిత్ర చదవబట్టే మన్యం పోరాటం గురించీ, 1/70 చట్టం గురించీ నాకు నాలుగు మాటలు తెలుసు. ఇవాళ సోషల్ పాఠాలు చెప్పే బతుకుతున్నాను. బాధల్లా ఒక్కటే, నన్ను ఎవరూ అడగలేదు. తర్వాత తెలిసింది, ఆ ఏడు ఆ కాలేజీలో ఎం.పి.సి. ఉంది గానీ మాథ్స్ లెక్చరర్ లేడు. గ్రూపు బోర్డు మీద ఉంది, మనిషి లేడు. ఆ ముక్క మా నాయనకు చెప్పి ఉంటే వేరే ఊళ్లో గురుకులం వెతుక్కునేవాళ్లం. లెక్చరర్ లేడు అని చెప్పడానికి బదులు "మీ పిల్లలు నిలబడరు" అని చెప్పారు. తప్పు కాలేజీది, ముద్ర మన మీద.

చదువు ప్లాన్ అనగానే మనవాళ్లు పదో తరగతి ఫలితాలు వచ్చాక ఆలోచిస్తారు. అప్పటికే సగం తలుపులు మూసుకుని ఉంటాయి. ఆలోచన అటు నుంచి ఇటు రావాలి. ఏ కాలేజీలో ఏం చదవాలి అన్నది ముందు. దానికి ఏ ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకు ఏ సబ్జెక్టులు, ఆ సబ్జెక్టులకు ఏ గ్రూపు, ఆ గ్రూపులో నిలబడాలంటే ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లో ఏం గట్టిపడాలి అన్నది తర్వాత.

నీట్ తీసుకోండి. ఎం.బి.బి.ఎస్.కి పోవాలంటే ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. ఎస్టీ పిల్లలకు ఆ మూడు సైన్సుల్లో కలిపి 40 శాతం మార్కులుంటే అర్హత. ఇంజనీరింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు. జె.ఇ.ఇ. ద్వారా ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లకు పోవాలంటే ఎస్టీలకు ఇంటర్లో 65 శాతం అయినా రావాలి, లేదా ఆ బోర్డులో ఎస్టీ పిల్లల్లో పై 20 పర్సంటైల్లో ఉండాలి. వ్యవసాయ డిగ్రీకీ, పశువైద్యానికీ బైపీసీ కావాలి. లాయర్ కోర్సుకు, బి.ఎ.కి ఏ గ్రూపైనా ఫర్వాలేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎం.పి.సి. చదివినవాడు తర్వాత మనసు మారి బి.ఎ.కి పోవచ్చు, లాకు పోవచ్చు. సి.ఇ.సి. చదివినవాడు మనసు మారి ఇంజనీరింగ్‌కు పోలేడు. ఇది ఒకవైపే తిరిగే తలుపు. అందుకే ఏం కావాలో ఇంకా తేలని పిల్లలకు, లెక్కలో సైన్సో కొంచెం వచ్చినా సరే, ఆ తలుపు తెరిచి ఉంచడం మంచిదని నా అభిప్రాయం. పిల్లల మీద రుద్దమని కాదు.

ఒకేషనల్ సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ల వైపు ఆడపిల్లల్ని చాలామందిని ఎం.పి.హెచ్.డబ్ల్యూ.లో చేర్పిస్తారు. రెండేళ్లలో ఏదో ఒక ఆసుపత్రిలో పని దొరుకుద్దని. ఇల్లు గడవాలి, కాదనలేం. కానీ ఆ పిల్లకు డిగ్రీ సైన్సో, పై కోర్సో చదవాలని ఆశ ఉంటే, ఒకేషనల్ పిల్లల కోసం ఇంటర్ బోర్డు పెట్టే బ్రిడ్జ్ కోర్సు ఒకటి ఉంది. దాని పరీక్ష విడిగా కట్టి పాసవ్వాలి. ఈ మాట చేరిన రోజే చెప్పాలి. రెండేళ్లు అయిపోయాక కౌన్సెలింగ్ దగ్గర "బ్రిడ్జ్ ఏదమ్మా?" అని అడిగితే ఆ పిల్ల ఏడ్చుకుంటూ బస్సెక్కాల్సి వస్తది. అట్లా బస్సెక్కిన పిల్ల మా ఊళ్లోనే ఉంది.

ఆంధ్రాలో 2025-26 నుంచి ఇంటర్ మారింది. మాథ్స్ ఎ, మాథ్స్ బి కలిపి ఒకటే చేశారు. బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ అన్నారు. ఎం.పి.సి. పిల్లలు బయాలజీని, బైపీసీ పిల్లలు లెక్కల్ని అదనంగా తీసుకునే వీలు పెట్టారు. రెండు తలుపులూ తెరిచి ఉంచుకునే అవకాశం ఇది. పాడేరులో, చింతూరులో, సీతంపేటలో, మన కాలేజీల్లో ఇది నిజంగా నడుస్తోందా? చెప్పడానికి మనిషి ఉన్నాడా? ఐ.టి.డి.ఎ. గ్రీవెన్స్‌కు పోయినప్పుడు రోడ్డు గురించి, కరెంటు గురించి అడుగుతాం. ఈసారి ఇది కూడా అడగండి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మన పాత ప్లాన్ చచ్చిపోయింది. మా తరం వరకు ఏజెన్సీలో అందరికీ తెలిసిన దారి ఒకటే. ఇంటర్ ఏదో ఒకటి పాసవ్వు, టీచర్ ట్రైనింగ్ చెయ్యి, సొంత మండలంలో పంతులు ఉద్యోగం వస్తది. 2000 జనవరిలో వచ్చిన జి.ఓ. నెం. 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు మొత్తం స్థానిక గిరిజనులకే అంది. ఆ ఒక్క జి.ఓ. వల్ల మన గూడేల్లో ఎన్ని ఇళ్లకు పెంకులు వచ్చాయో, ఎంతమంది ఆడపిల్లలు చీర కట్టుకుని బడికి పోయి పాఠం చెప్పారో మనకు తెలుసు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని కోసం కొట్లాట వేరు, అది ఆగకూడదు. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు ఇంకా అదే పాత దారి చూపిస్తే మాత్రం మోసం చేసినట్టే. ఏ గ్రూపైనా ఒకటే అన్న మాట ఆ జి.ఓ. ఉన్నప్పటిది. ఇప్పుడు ఒకటి కాదు.

ఇంకో అపోహ. "మనకు రిజర్వేషన్ ఉంది కదా, కొంచెం చదివినా చాలు." కేంద్ర విద్యాసంస్థల్లో మనకు ఏడున్నర శాతం సీట్లున్నాయి. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో ఎస్టీ ర్యాంక్ లిస్టుకు కావాల్సిన మార్కుల గీత జనరల్ గీతలో సగం. సీట్లు మిగిలితే, ఇంకా తక్కువ వచ్చినవాళ్లను ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సులో కూర్చోబెట్టి తర్వాత బి.టెక్.లో చేర్చుకుంటారు. ఇవన్నీ మన హక్కులు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ రిజర్వేషన్ గేటు దాకే తీసుకెళ్తది. లోపల మొదటి సెమిస్టర్లో కాల్కులస్ అందరికీ ఒకటే. హాస్టల్ గదిలో పక్కవాడు ఆరో తరగతి నుంచే కోచింగ్ తీసుకున్నవాడు. మనవాడేమో రెండేళ్లు లెక్చరర్ లేకుండా గైడ్ చూసి పాసైనవాడు. మధ్యలో మానేసి ఇంటికొచ్చిన పిల్లల్ని "తట్టుకోలేకపోయాడు" అంటారు. తట్టుకునే బలం వాడికి ఏ తరగతిలో ఇచ్చారని ఎవరూ అడగరు.

ఆ బలం ఎనిమిదో తరగతిలో మొదలవ్వాలి. నేను బడిలో చూస్తున్నది చెప్తాను. తొమ్మిదిలో బీజగణితం రాని పిల్లల్లో ఎక్కువమందికి అసలు ఇబ్బంది బీజగణితం కాదు, భిన్నాలు. ఐదో తరగతిలో తప్పిపోయిన ముక్క అది. దాన్ని వేసవిలో నెల రోజులు కూర్చుని సరిచేస్తే మిగతాది దానంతటదే నడుస్తది. రెండోది ఇంగ్లీషు. ఇంట్లో కోయ భాషో, గోండో, కువీనో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, మళ్లీ ఇంగ్లీషు మీడియంలోకి దూకే పిల్ల మూడు భాషలు మోస్తోంది. మూడు భాషలు మోసే బుర్ర తెలివైనది అని ఎవరూ అనరు, వెనకబడింది అంటారు. నీట్, జె.ఇ.ఇ. మెయిన్ పేపర్లు తెలుగులో కూడా ఇస్తారు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. కాబట్టి సైన్సు మాటలు రెండు భాషల్లోనూ తొమ్మిది నుంచే పక్కపక్కన రాసుకోవాలి. త్వరణం పక్కన ఆక్సిలరేషన్, కిరణజన్య సంయోగక్రియ పక్కన ఫోటోసింథసిస్. ఒక్క నోటుబుక్కు చాలు.

ఇంటర్ రెండో ఏడు క్యాలెండర్ కూడా తెలిసి ఉండాలి. మన పిల్లలు పరీక్షలో కన్నా దరఖాస్తులోనే ఎక్కువ ఓడిపోతున్నారు. జె.ఇ.ఇ. మెయిన్ మొదటి విడత జనవరిలోనే ఉంటది, అంటే దరఖాస్తు దసరా, దీపావళి రోజుల్లోనే చూసుకోవాలి. లా యూనివర్సిటీలకు పెట్టే క్లాట్ డిసెంబర్లో అయిపోతది. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాశాక చూద్దాంలే అనుకున్నవాడికి అప్పటికి క్లాట్ ఫలితాలు కూడా వచ్చేసి ఉంటాయి. నీట్, ఎప్‌సెట్ మే నెల చుట్టూ వస్తాయి. హాస్టల్లో పిల్లలకు ఫోన్ ఉండదు, ఓ.టి.పి. ఊళ్లో నాయన ఫోన్‌కి పోతది, నాయన ఫోన్‌కి సిగ్నల్ చెట్టెక్కితేనే వస్తది. ఆధార్‌లో పేరు ఒకటి, పది మెమోలో పేరు ఒకటి. ఈ పేర్లూ, కులం సర్టిఫికెట్టూ ఇంటర్ మొదటి ఏడు వేసవిలోనే సరిచేసి పెట్టుకోవాలి. తహశీల్దార్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

లా అన్నాను కదా, దాని మీద ఇంకో మాట. గట్టి చదువు అంటే ఎం.పి.సి., బైపీసీ మాత్రమే అనుకోకండి. ఇష్టపడి హెచ్.ఇ.సి. తీసుకున్న పిల్ల దాన్ని గట్టిగా చదివితే అదీ గట్టి చదువే. మన భూముల కేసులు ఎస్.డి.సి. కోర్టుల్లో నడుస్తాయి. 1997 సమత తీర్పు, 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్న కాగితాలు. మన తరఫున వాదించే మంచి మనుషులు బయటి నుంచి వచ్చారు, వాళ్లకు దండం. కానీ ఎన్నాళ్లు బయటి నుంచి రావాలి? హైదరాబాద్ నల్సార్‌లో, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో మనకు సీట్లున్నాయి. ఇంటర్ రెండేళ్లూ రోజుకు ఒక ఇంగ్లీషు పేపర్ చదివి, సివిక్స్ పుస్తకాన్ని మార్కుల కోసం కాక అర్థం కోసం చదివితే అటు పోవచ్చు. హెచ్.ఇ.సి. అంటే మిగిలిపోయినవాళ్ల గ్రూపు అన్న మాట మనమే ముందు మానేయాలి. నాతో సహా.

కొందరు పెద్దలు అడుగుతారు. "ఇట్లా ఒత్తిడి పెడితే పిల్లలు కార్పొరేట్ కాలేజీ పిల్లల్లా అయిపోరా?" ఆ భయం నాకూ ఉంది. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా గదిలో పెట్టి, విజ్జ పండుమ్‌కు కూడా ఇంటికి పంపని చదువు నేను అడగడం లేదు. కష్టమైన సబ్జెక్టు వేరు, కష్టపెట్టే హాస్టల్ వేరు. ఉన్న సబ్జెక్టుకు ఉన్న లెక్చరర్, వారానికి ఒకసారి తప్పుల్ని కూర్చోబెట్టి దిద్దే మనిషి, అన్నం సరిగా, నిద్ర సరిగా. పండక్కి ఇంటికి పోయి రేలా ఆడి వచ్చిన పిల్ల సోమవారం పొద్దున ఫిజిక్స్ బాగానే చేస్తది.

ఇందులో పిల్లలు చేయాల్సింది కొంత, మనం అడగాల్సింది ఎక్కువ. ఐ.టి.డి.ఎ.లు ప్రతి ఏడూ పది పరీక్షలు అయ్యేలోపే ఏ కాలేజీలో ఏ గ్రూపు ఉంది, ఏ సబ్జెక్టుకు మనిషి ఉన్నాడు, ఏ పోస్టు ఖాళీ అన్నది గోడ మీద అంటించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, ఒక కాగితం. పిల్లాడి సబ్జెక్టు మార్చే ఏ కాగితం మీదైనా పిల్లాడి మాట, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, అది వాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. భూమి విషయంలో గ్రామసభను అడగాలని కొట్లాడే మనం, పిల్లల గ్రూపు విషయంలో వాళ్లను అడగండి అని కొట్లాడకపోతే ఎట్లా?

అక్కతో ఆ రోజు అన్నాను, ముందు వాడికి ఫోన్ ఇప్పించు అని. వార్డెన్ ఫోన్‌లో బుధవారం దొరికాడు.

"అల్లుడూ, లెక్కలు ఎట్లా వస్తున్నయ్ రా?"

"వస్తయ్ మామా. యూనిట్ టెస్టులో 40కి 29 వచ్చినయ్. జామెట్రీ కొంచెం రాదు."

"మరి బేసిక్ ఎందుకు రాశారు?"

"సార్ అడగలే మామా. అందరికీ రాసిండు."

29 వచ్చిన పిల్లాడు. వాడి పక్కన కూర్చునే పిల్లకు 33 అంట, ఆమెదీ బేసిక్కే. 12 వచ్చినవాళ్లూ ఉన్నారంట, వాళ్లకు బేసిక్కే మంచిదేమో, నేను కాదనను. స్టాండర్డ్ రాసి ఫెయిల్ అయితే ఏంటి అని అక్క భయపడింది. భయం న్యాయమైనదే. పుస్తకం ఒకటే కాబట్టి వాడు చదివేది ఏమీ పెరగదు, లెక్కలు ఎక్కువ సాధన చేయాలి అని చెప్పాను. జామెట్రీ వరకు నేను చూసుకుంటానన్నాను. దసరా సెలవుల్లో వాడు మా ఇంట్లోనే ఉంటాడు.

పేర్లు పంపడానికి ఇంకా గడువుంది. మంగళవారం అక్కా నేనూ స్కూలుకు పోతున్నాం. అక్కకు ఆ రోజు పత్తి కలుపు కూలి పోతది. ఆ 33 వచ్చిన పిల్ల వాళ్ల నాయన్ని కూడా రమ్మన్నాం, వస్తానన్నాడు.